ఇంకేమైనా

పాత రీడర్ సోమవారం చచ్చిపోయింది.
కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి తీసి తగిలించాం.
లాంబియోట్ కార్డు మీద ఎర్ర గీత పడింది, కుయ్‌మంది,
అంకెలు రావలసిన గడిలో
తోకలున్న అక్షరాలు, కొక్కేలు, ఒక ఆశ్చర్యార్థకం.
"తిడుతోంది" అంది గిలెన్.

తిట్టడం లేదు. వేళ్ళు లేని టైపిస్టు అది,
అమెరికా మీటల మీద పని నేర్చుకుని వచ్చింది.
ఇక్కడ నమూర్‌లో అంకె కావాలంటే
షిఫ్టు నొక్కి అడగాలని దానికెవరు చెప్పారు?

బయట మ్యూజ్ నది మీద సన్నటి వాన.
క్యూ తలుపు దాటి మెట్ల దాకా వెళ్ళింది.
ఉల్లిపాయల బస్తా పక్కన చతికిలబడి
మాన్యువల్ తిరగేశాను. పదిహేడో పేజీ: ఫ్రెంచి, బెల్జియం.
భాష మార్చుకోమని నోటితో చెప్తే వినదు,
దానికి గీతలే చూపించాలి.
చూపించాను. మూడుసార్లు కుయ్‌మంది,
సరేలే అన్నట్టు.

ఈసారి అంకెలు అంకెల్లాగే పడ్డాయి.
పడి, ఆగాయి.
పాతదైతే చివరి అంకె వెనకాలే ఎంటర్ కొట్టేసేది,
మన మాట పూర్తికాకుండానే కిటికీ మూసే గుమాస్తాలా.
రొట్టె, పాలు, తర్వాతి మనిషి.
ఇది కొట్టలేదు. సన్నటి నిలువు గీత ఒకటి
వెలుగుతూ ఆరుతూ గడిలో నిలబడిపోయింది.

గిలెన్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.
"కింద ఇంకో గడి ఉందే! ఇదెప్పుడు పెట్టావు?"
మొదటి రోజే పెట్టాను:
ఇంకేమైనా చెప్పాలా?
నాలుగేళ్ళ పట్టికలో ఆ గడి నిలువునా ఖాళీ.
వీళ్ళకి చెప్పుకునేదేమీ లేదనుకున్నాను.
ఒక మీటింగులో పైకి అన్నాను కూడా.

"మస్యూ లాంబియోట్, ఇంకేమైనా చెప్పాలా?"
ఆయన వెనక్కి చూశాడు,
ఇంకో లాంబియోట్ ఉన్నాడేమోనని.
టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
"క్యారెట్లు" అన్నాడు. "నమలలేను.
ఇన్నాళ్ళూ పక్కింటి కుందేలుకే వేస్తున్నా.
బాగా బలిసింది."

గిలెన్ రెండు వేళ్ళతో కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ,
కుందేలు సంగతితో సహా.
క్యూలో ఎవరో గొణిగారు, చలి, ఆలస్యం, బస్సు.
ఒదీల్ అప్పటికే లోపలికెళ్ళి
ఉడికించిన బీన్సు డబ్బాల కోసం అరలు తడుముతోంది.

పద్దెనిమిదో పేజీ:
చివర ఎంటర్ కావాలంటే ఈ గీతలు చూపించండి.
రీడర్ నా చేతిలోనే ఉంది, ఎర్రగా, సిద్ధంగా.
ఆ పేజీ చించి, నాలుగు మడతలు పెట్టి,
కుంటుతున్న బల్ల కాలి కింద దూర్చాను.