బోరునీళ్ల మరక

తడి మీద తడి వెయ్యాలంటది పుస్తకం.
మర్రిగూడ దాటినంక, గుండ్ల నడుమ, పగటి పదకొండింటికి
కుంచె ఎత్తేలోపే కాగితం ఎండిపోతది.

మూడేండ్లు వాళ్ల మబ్బుల్నే వేసిన,
మెత్తగ, అంచుల్లేకుండ,
ఈ ఆకాశంల నేనెన్నడూ చూడనివి.

ఇయ్యాల ఫిల్టర్ నీళ్ల సీసా ఒలికిపోతే
మేకల సైదమ్మ తన డబ్బాల నుంచి ఇన్ని పోసింది,
బోరునీళ్లు.
గుట్టకు నీలం నీడ పెట్టిన.
ఆరినంక చూస్తే నీడంతా తెల్లటి పొడ,
ఎవరో సున్నం చిలకరించినట్టు.

చింపబోయిన.
సైదమ్మ వంగి చూసి
"ఎండకు గుండ్లు గట్లనే ఉంటయి గద" అని
మేకను అదిలించుకుంట పోయింది.

నాకు కనిపించింది గుండు కాదు.
బడి ఫోటోల
పెదవులు బిగబట్టి నవ్వుతున్న నేను.
మూసుకున్న నోట్లె గారపండ్లు,
అదే తెలుపు, అంచుకు అదే పసుపు.

రేపటి సంది సీసా ఇంటికాడ్నే.
గీత పొట్టిగ తెగితే తెగనీ,
ఎండ తెంపిన గీత అది, నా చెయ్యి వణికి కాదు.

మేకను ఎట్ల వెయ్యాల్నో మాత్రం
ఇంకా తెల్వదు.
నిలబడదు, పాడుది.