గుండ్లకమ్మ ఎదురొచ్చిన రోజు

అర్ధవీడు దాటాక తారు అయిపోయింది.
ఆటో వెనక్కి తిరిగింది.
దాని మోత చాలాసేపు చెవుల్లోనే ఉండి
నిదానంగా అడవికి చోటిచ్చింది.

ఆరుద్ర కార్తె మూడోరోజు.
ఒక్క వాన పడింది, అంతే.
తెగిన దండలోంచి జారిన పూసలకు
కాళ్ళొచ్చినట్టు
ఎర్ర మఖమలు పురుగులు నేలంతా.
వాటి మీద అడుగు పడకుండా నడిచాడు ఈదన్న.
మొదటి అరగంటలో
మేం నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఖాజావలి వీపున పద్నాలుగు కిలోలు:
గుడారం, మోకాలి పట్టీ, రెండు కిలోల ఉల్లిగడ్డలు,
ఎందుకు తెచ్చాడో చెప్పని నల్ల గొడుగు.
నా సంచిలో సగం నీళ్ళే.
ఏటి పక్కన నడవడానికి
మార్కాపురం కుళాయి నీళ్ళు మోసుకొచ్చామని
ఈదన్నకు ఒకటే నవ్వు.

కానీ ఏరేదీ?
ఇసుక, గుండ్లు, బయటపడ్డ మద్ది వేర్లు,
మడుగు అడుగున పెంకుల్లా చిట్లిన బురద.
పలకల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు రాయి చీల్చిన చెయ్యి
ఊరుకోక ఒక గుండును తట్టి చూసింది.
ఇది చీలే రాయి కాదు, దొర్లే రాయి.

కాలిబాట పోయినేటిది.
వరద కొరికిన చోట తెగింది,
పులికంప అల్లిన చోట మూసుకుంది.
"ఏట్లో దిగి పోదాం, సాపుగా ఉంది"
అన్నాడు ఖాజావలి.
ఈదన్న చీమల వంక చూశాడు.
గుడ్లు నోట కరుచుకుని మద్దిమాను ఎక్కుతున్నాయి.
"గట్టునే పోదాం.
ఏరు ఇయ్యాల ఇంటికొచ్చేట్టుండాది."

ఆకాశంలో మబ్బు తునక లేదు.
కంప గీరుకుంటూ, ఈదన్నకు వినపడకుండా తిట్టుకుంటూ
గంటకో మైలు.

మధ్యాహ్నం తునికి చెట్టు కింద ఉల్లిగడ్డ కోస్తుంటే
ముందు వాసన వచ్చింది.
తర్వాత చప్పుడు,
ఎండుటాకుల మీద ఎవరో
చాప ఈడ్చుకొస్తున్నట్టు.

వరద కాదు.
మనిషి నడకతోనే వచ్చింది.
ముందు నాలుకంత నీళ్ళు,
వెనక నురగ, మోదుగాకులు, ఒంటి రబ్బరు చెప్పు,
బెరడు ముక్క మీద తోకెత్తిన తేలు.
గుంట గుంటకీ ఆగి, నిండి,
అంచు దాటి, మళ్ళీ కదిలి.
తాగుతున్న ఇసుక సన్నగా ఈల వేసింది.

ఖాజావలి లేచి, ఏమనుకున్నాడో,
గొడుగు విప్పి పట్టుకున్నాడు
ఎదురుకోలుకు వచ్చిన పెళ్ళివారిలా.

నేను దోసిలి పట్టబోతే ఈదన్న చెయ్యి అడ్డం.
"మొదటి నీళ్ళు ఏటివే. రెండోవి పిట్టలవి.
మనం రేపు తాగుదాం."
వేలికొన తడిపి నొసట రాసుకున్నాడు.

రేపు దాటాల్సిన రేవు అవతల ఉండిపోయింది.
అనుకున్న దారి అక్కడితో సరి.
ఎవరం ఆ మాట పైకి అనలేదు.

రాత్రి నా సీసాలో కుళాయి నీళ్ళు ఇంకా సగం.
తాగబుద్ధి కాలేదు,
పారబోయ మనసూ రాలేదు.
బయట ఏరు గుండ్లను ఒక్కొక్కటే తడుముకుంటూ
లెక్క తప్పి మళ్ళీ మొదలుపెడుతోంది.
ఖాజావలి నిద్రలో ఏదో గొణిగాడు,
ఉల్లిగడ్డల గురించి.