గ్లాసు మరక

అల్ ఐన్‌ల మా ఆఫీసు కిటికీ తెరిస్తే
జబల్ హఫీత్ గుట్ట, దాని కింద చెరువు.
ఇది వానకు పుట్టింది కాదు.
సముద్రాన్ని మరిగించి, ఉప్పు తీసి,
ఊరంతా తాగి, తానమాడి, గిన్నెలు కడిగి,
మళ్ల వడగట్టి ఇసుకలకు వదిలితే
ఎటూ పోలేక నిలబడ్డ నీళ్లు.
కాగితాల మీద మంచినీళ్లే అంటరు.
ఓసారి నాలిక మీద వేసుకొని చూసిన.
మంచివే. కొంచెం సబ్బు యాది ఉంది.

నా పేరు పోశెట్టి.
ఇక్కడ ఎవరి నోటా 'ప' పలకదు,
పదకొండేండ్ల సంది బోషెట్టిని.

ఆ దినం మీటింగుకు తొమ్మిది గ్లాసులు.
ఒకటి చక్కెర లేకుండ, షమ్సా మేడమ్‌కు.
బల్ల నిండ నక్షా పరిచిన్రు.
చెరువు నీలంగ,
నీలం నడుమ, అంచుల పొంటి
పద్నాలుగు ఎర్ర చుక్కలు.
ఒక్కో చుక్క ఒక గాలిమర.

కంపెనీ తరఫున వచ్చిన అద్నాన్
రెక్క పొడుగు చెప్పిండు, స్తంభం ఎత్తు చెప్పిండు,
షమాల్ గాలి ఏ నెలల ఎంత ఉరుకుతదో చెప్పిండు.
నీళ్ల మీదైతే గాలికి అడ్డం లేదన్నడు.
పునాదికి నీళ్లు తోడేస్తం, మళ్ల నింపుతం అన్నడు,
చెరువును బకెట్టు అనుకొని.

పిట్టల లెక్క రాసే వర్గీస్
గొంతు లేపడు ఎప్పుడూ.
చెమటకు ఉబ్బిన నోటుబుక్కు తెరిచి
వేలు పెట్టి చూపిండు:
ఉల్లంకి పిట్టలు ఈ మూలకు,
గుడ్లు నేల మీదనే పెడతయి.
రాజహంసలు పొద్దుగూకినంక దిగుతయి.
చీకట్ల రెక్కకు రెక్క కనవడది సార్.

గది కొంచెంసేపు ఏసీ చప్పుడే విన్నది.

గాలి వద్దని ఎవరంటున్నరు, అన్నది షమ్సా.
చమురు అయిపోయినంక మన పిల్లలకు గాలే దిక్కు.
ఎక్కడిదాక అన్నదే మాట.
ఎక్కడిదాక?
ఒకరు మూడువందల మీటర్లన్నరు,
ఒకరు వెయ్యి.
ఇంకొకరు ఫోను చూసుకున్నరు.
మూడోసారి చాయ్ కాచిన.

ఖాళీ గ్లాసు తీసిన.
కింద మరక.
చెరువు చుట్టూ గుండ్రంగ,
తడి తడిగ, గోధుమ వన్నె గీత.
నా గుండె జారి చెప్పుల పడ్డది.
ఆ నక్షా కిరాయి ఎంతో, నా జీతంల కోత ఎంతో.

తుడువకు బోషెట్టి, అన్నది మేడమ్.
ఎర్ర పెన్సిల్ తీసుకొని
ఆ మరక మీదనే, తొందర లేకుండ,
మొదలుపెట్టిన చోటికే వచ్చేదాక గీసింది.
దీని లోపల ఒక్క స్తంభం నిలబడొద్దు.
వర్గీస్ స్కేలు పెట్టి కొలిచిండు,
ఒడ్డు నుంచి ఆరువందల నలభై, అటిటుగ.
చుక్కల తొమ్మిది లోపల పడ్డయి.
అద్నాన్ కళ్లద్దాలు తుడుచుకున్నడు, చానసేపు.

తర్వాత అది హుకుం అయ్యింది,
నంబరుతోని, ముద్రతోని, అరబ్బీల.
చాయ్ సంగతి ఎక్కడా రాయలే.

మా ఊరు మానేరు నీళ్ల కింద ఉంది.
ఇండ్లు, ఈదుల చెట్లు, మా అవ్వ కుంపటి వాసన.
దానికీ ఒక నక్షా ఉండె, నేను చూసిన,
నీలం రంగు మా వాకిలి మీదికెళ్లి పోయింది.
ఆ దినం ఆ బల్ల మీద
ఎవరూ చాయ్ పెట్టలేదేమో.
పెట్టినా తుడిచేసిన్రేమో, మర్యాదకు.

మిగిలిన ఐదు గాలిమరలు
ఇసుక దిక్కు జరిగినయి, మా క్యాంపు వెనకకు.
రాత్రి ఎర్రదీపాలు మినుకుతయి,
రెక్క తిరుగుడు చప్పుడు
పక్క మంచం మీది గురకతోని కలుస్తది.
మా క్యాంపు చుట్టూ గీత గీసే పెన్సిల్ ఇంకా రాలే.
నేను కోపం చేసుకోలే.
నిద్ర పట్టని రాత్రి లెక్కవెట్టుకుంట,
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు,
ఆ తర్వాత చీకటి,
అటు దిక్కు ఎవరో నీళ్లల్ల దిగిన సప్పుడు.