రెండో గది అద్దె

మా ఆస్తంతా ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పడుతుంది.
రెండు దస్తావేజులు, ఒక ఈసీ, పన్ను రసీదులు,
మడత మడతకీ చిరిగిన లేఅవుట్ నక్షా.
మూత బిగువు. స్పూను కాడతో తియ్యాలి.

తవిటినాయుడు జూట్ మిల్లులో స్పిన్నింగు.
రాత్రి షిఫ్టు దిగి వస్తే కనుబొమల నిండా నార పీచు.
అరవై ఏళ్లవాడు గుమ్మంలోకొస్తాడు,
ముఖం కడుక్కుని నలభై ఏళ్లవాడు టీ అడుగుతాడు.
నేను చీరలకి ఫాల్ కుడతాను, పీకో కొడతాను.
చీరకి డెబ్భై.
మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లకే కాదు, నా మిషనుకీ మూఢమే.

మొదటిది నెల్లిమర్లలో, రెండు సెంట్లు.
చీటీ పాడితే, పాటలో ఇరవై వేలు పోగా చేతికొచ్చిన డబ్బు.
చాలనిదానికి నా గొలుసు.
సొసైటీ అప్పుతో రేకుల గదులు రెండు వేశాం.
"కట్టీసినారు గదా, ఎప్పుడెల్తారేటి?" అంది పక్కవాటా ఎర్నమ్మ.
వెళ్లలేదు.
క్యాలెండరు వెనక నేనే లెక్క వేశాను:
అక్కడ రెండు గదులకీ వచ్చేది నాలుగు వేల ఆరొందలు,
ఇక్కడ దాసన్నపేటలో మేం కట్టేది రెండు వేల మూడొందలు,
సొసైటీ వాయిదా పోతే మిగిలేది ఎనిమిదొందలు.
ఆ ఎనిమిదొందల మీద మునివేళ్లతో నిలబడి
రెండోదానికి చెయ్యి చాపాం.
"మన ఇంట్లో వేరేవాళ్లుంటారు, వేరేవాళ్లింట్లో మనముంటాం,
ఇదేం లెక్కమ్మా?" అంది మా పిల్ల.
ఐదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ నూటికి తొంభై.

రెండోది డెంకాడ దారిలో, నూట ఇరవై గజాలు.
బ్రోకరు కామేశు బండాపి, చెయ్యి పైకెత్తి
"అదిగో వొదినా, ఇమానాలొచ్చీ దిక్కు" అన్నాడు.
ఆకాశం చూసి బయానా ఇచ్చాం.
నేల చూడాల్సింది.

కార్తీకంలో తుఫాను.
నాలుగు హద్దురాళ్లూ పసుపు తలలు మాత్రం పైకి పెట్టుకుని
మెడలోతు నీళ్లలో నిలబడ్డాయి.
గట్టు మీద గొర్రెల్ని మళ్లేస్తున్న తాత అన్నాడు:
"అది గెడ్డ కదేటమ్మా. దాని తోవని అదెల్తంది.
మీరే అడ్డొచ్చినారు."
అదే మాటని సర్వేయరు మూడు నెలలు తీసుకుని
సీలు వేసి రాసిచ్చాడు: గెడ్డ పోరంబోకు.
దస్తావేజులో ఉన్న నంబరు పక్క చేనుదట.
కామేశుకి ఫోన్ చేస్తే ఇప్పటికీ దేవుడి పాట వస్తుంది,
కామేశు రాడు.

ఆ కాగితం పారెయ్యలేదు. డబ్బా అడుగున పరిచాను.
మూడోది వెతుకుతున్నాం.
ఈసారి ముప్పై ఏళ్ల ఈసీ తియ్యాలి, వానల్లో వెళ్లి చూడాలి,
ముందుగా గొర్రెలు కాసేవాళ్లని అడగాలి.

మొన్న ఆదివారం అద్దెకి నెల్లిమర్ల వెళ్లాను.
రెండో గదిలో సూరీడమ్మ. ఆమె మొగుడిదీ ఆ మిల్లే, ఆ షిఫ్టే.
"గేటుకి కాయితం అంటించీసినారు, నీకు తెలీనిదేటక్కా,
పదిహేనో తారీకు దాకా ఆగు" అంది.
తెలుసు. ఆ కాయితం నాయుడే చదివి వచ్చి,
అన్నం ముందు కూర్చుని కలపకుండా లేచాడు.
అన్నీ తెలిసే నోరు తెరిచాను.
"మేమూ బతకాలి కదమ్మా" అని వినబడింది.

ఆ మాట నాది కాదు.
ప్రతి ఐదో తారీకూ మెట్ల మీద నిలబడి
మా ఓనరుగారు అనే మాట.
చివర ఆ సాగదీతతో సహా,
ఎప్పుడు నేర్చుకున్నానో.

సూరీడమ్మ ఏమీ అనలేదు. ముంతలో నీళ్లిచ్చింది.
తాగి బస్సెక్కాను.

క్యాలెండరు వెనక రెండో గదికి ఎదురుగా ఏమీ రాయలేదు,
సున్నా కూడా.
మెట్ల మీద ఓనరుగారి చెప్పులు వినబడుతున్నాయి.
మిషను ముందు కూర్చున్నాను. ఆకుపచ్చ చీర,
ఆరు గజాలు.
గజాల్లో ఇదొక్కటే
ఇంతవరకూ నన్ను మోసం చెయ్యలేదు.