అవతలి గుట్ట

హబ్సిగూడ ల్యాబు ఫ్రీజర్‌లో
సున్నాకి ఎనభై డిగ్రీల కింద
ఒక మిడత కాలు ఉంది.
అండమాన్ దాటాక ఏదో దీవి,
పటంలో ఆవగింజంత. అక్కడిది.
కాలు ఇచ్చిన మిడత ఇంకా ఆ గడ్డిలోనే
కుంటుతూ దూకుతుంటుందని
నాకు నేను చెప్పుకుంటాను.

ఇలాంటివే నలభై నూరాను.
నూరడం, గొట్టంలో కలపడం, గిర్రున తిప్పడం,
నీలి దీపం కింద గీతలు లెక్కపెట్టడం.
నలభైకీ ఒకటే గీత.
"అందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారు మేడమ్" అన్నాను.
హైమావతి మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుని
"ఒక్క జబ్బు చాలు" అంది.
ఆ సాయంత్రం టీ సంగతి ఇద్దరం మరిచాం.

దీవి అంటే చుట్టూ నీళ్ళని బడిలో చెప్పారు.
ఖాజాగూడ దాటి బస్సు దిగితే
చుట్టూ అద్దాల మేడలు,
నడుమ ఒక గుట్ట.
బండ మీద బండ,
ఎవరో దించుకుని, ఎత్తుకోవడం మరిచిన మూటల్లా.

అక్కడొక రెక్కల్లేని మిడత.
బూడిద రంగు, చిటికెనవేలి గోరంత.
పుస్తకాల్లో పేరు లేదు.
రాళ్ళు కొట్టే వడ్డెర సాయన్న మాత్రం
బండపిల్ల అంటాడు.
"ఎగురరాదమ్మా దీనికి.
బండ యాడుంటే ఆడనే. మా లెక్కనే."

రోడ్డు అవతల ఇంకో గుట్ట.
ఒకప్పుడు రెండూ ఒకటేనట.
నడుము కాడ కొట్టింది సాయన్నే,
పడుచుతనంలో, రోజుకూలికి.
ఆ రాయి కంకరై, ఆ కంకర రోడ్డై...
"నేనే తెంపిన" అన్నాడు
చేతిలో సుత్తిని కింద పెట్టకుండానే.

ఆదివారం, ఎవరికీ చెప్పకుండా
ఇటువైపు పదకొండు కాళ్ళు, అటువైపు తొమ్మిది
ల్యాబుకి పట్టుకెళ్ళాను.
ఇటు మిగిలిన గీత అటు లేదు.
అటు మిగిలినది ఇటు లేదు.
ఎనిమిది వరుసల రోడ్డు,
ముప్పై వానాకాలాలు,
మాటలు మానేసిన దాయాదులు.

కాగితం రాద్దాం, అనుమతి అడుగుదాం అంది మేడమ్.
అడిగాం.
ఆ పురుగు మా పట్టీలో లేదన్నారు.
పట్టీలో లేనిది పోతే
పోయినట్టు కూడా కాదేమో.
ఇటు గుట్టకి ఎర్ర రంగుతో నంబర్లు వేశారు.

జూలై, సన్న తుంపర.
నా టిఫిన్ డబ్బా మూతకి మేకుతో బొక్కలు కొట్టి
ఆరింటిని ఎక్కించాం.
తప్పు చేస్తున్నానేమో, తెలీదు.
కలిపితే బలమో, ఉన్నదీ చెడుతుందో
గీతలు ముందుగా చెప్పవు.
అవతలి గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.
"ఏముంది డబ్బాల?"
నేను నోరు తెరిచేలోగా సాయన్న
"పెండ్లికొడుకులు" అన్నాడు.
వాడు నవ్వి గొలుసు దించాడు.

మూత తీస్తే ఐదు దూకాయి.
ఆరోది డబ్బా అంచు మీద
చాలాసేపు కూర్చుంది.
మేం తొందరపెట్టలేదు.

వచ్చే వానకి మళ్ళీ వెళ్ళి
పుట్టినవాటిని ఒక కాలు అడగాలి.
ఒక్క కాలే.

ఫ్రీజర్‌లో నలభై ఒకటో కాలు అలాగే ఉంది.
నూరబుద్ధి కావడం లేదు.
దానికి అవతలి గుట్ట లేదు.