పంచనామా

బీచ్ రోడ్డులో శంఖుల కొట్టు మూయించి
జీపులో వేసుకొచ్చిన రెండు గోనెలు
నా బల్ల మీద ఇంకా ఇసుక రాలుస్తున్నాయి.
రాయడం నా పని.
తూకం, కొలత, సంఖ్య.

మొదటిది రాక్షస చిప్ప.
ఇద్దరు గార్డులు పడితే గానీ లేవలేదు.
నలభై ఒక్క కిలోలు.
అండమాన్ ఓడలో దుప్పట్ల మూటలో దాక్కుని వచ్చిందట.
పెదవులు అలలు అలలుగా వంకర్లు పోయి
మాట మధ్యలో ఎవరో నోరు మూయించినట్టుంది.

రెండోది కిటికీ చిప్ప.
కాకినాడ బురదలో పుట్టింది, అప్పడమంత.
ఒక్కదాన్ని పెడితే కాటా ఒప్పుకోలేదు.
నూట పన్నెండూ కలిపి పోస్తే
అప్పుడు కదిలింది ముల్లు.

ఎదురు స్టూలు మీద తెడ్డు పరసయ్య,
కొట్టు ఆయనదే, జరిమానా ఆయనదే.
"ఈ పెద్దది ఎండ తింటాదమ్మా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.
"ఒంట్లో నాచు పెంచుకుంటాది.
పొద్దు పొడిస్తే నోరు తెరుసుకుని కూకుంటాది.
ఆ నాచు వొండిందే దీని కూడు."
మరి చిన్నది?
"అది తిన్దు. పోనిస్తాది."

భీమిలిలో వాళ్ల తాత చెక్కిన కిటికీలకు
గాజు లేదట, ఈ చిప్పలేనట.
ఎంత మెరుపైనా లోపలికొచ్చేసరికి
పాలలా మెత్తబడేదట.
హుద్‌హుద్ రాత్రి
గోడతో సహా పోయాయి.

నా ఫారంలో దీనికి గడి లేదు.
ఒకదాని పేరు చట్టంలో పైన ఉంది, ఇంకోదానిది కింద.
ఒకటి పుట్టినచోటే నాటుకుపోయి
మనుషుల్ని మించి బతుకుతుంది,
గునపం వచ్చేదాకా.
ఇంకోటి బురద మీద పళ్లెంలా పడుకుని
రెండు మూడేళ్లకే ముసలిదవుతుంది,
పార వచ్చేదాకా.
పెద్దవాటిని ఏరి ఏరి పెకలిస్తారు.
చిన్నవాటిని తట్టలతో ఎత్తుతారు, సున్నానికి, దీపాల గొడుగులకి.
లెక్కపెట్టడం
నా బల్ల మీదికి వచ్చాకే.

వేలిముద్ర వేసే ముందు
పరసయ్య గోనెలోంచి ఒక చిప్ప తీసి
కంటికి అడ్డం పెట్టుకున్నాడు.
కిటికీ అవతల యారాడ కొండ, హార్బరు, లోపలికొస్తున్న ఓడ.
ఏం కనిపిస్తోంది?
"కొండ లేదు. ఓడ లేదు.
ఎండొక్కటే ఉందమ్మా."

సీలు వేశాం. లక్క ఆరలేదింకా.
మాల్‌ఖానాకు కిటికీ లేదు.
సంఖ్య అన్న గడిలో
నూట పన్నెండు కొట్టేసి
నూట పదకొండు రాశాను.