మధ్య సప్తకంలో ఒక ఈగ

రేపు సాయంత్రం ఆరింటికి పిల్లల కచేరీ.
ఇవాళ మధ్యాహ్నానికల్లా ఈ ముసలి పియానో
శ్రుతిలోకి రావాలి.
టిబిలిసీలో ఒక వాలు వీధి, సంగీత పాఠశాల,
రెండో అంతస్తు, పూర్తిగా మూసుకోని కిటికీ.

ఒక్కో స్వరానికి మూడు తీగలు.
రెంటి నోరు ఫెల్టు ముక్కతో నొక్కి
మూడోదాన్ని మాట్లాడనిస్తాను.
నా పనంతా ఇంతే:
ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి.
ఈ సంగతి ఊరికెవరూ చెప్పినట్టు లేదు.

"పెరుగూ!" అని సందు మొదట్లో కేక.
పిల్లి ఎక్కి కూర్చుంటే చాలు
గుండెలు బాదుకునే కారు ఒకటి కింద పెరట్లో.
"త్సియాలా, కాఫీ పెట్టనా?"
వద్దంటే గుల్నాజీ అలుగుతుంది,
సరేనంటే వచ్చి కూర్చుంటుంది.
ఫోన్.
కుతాయిసీ నుంచి తమ్ముడు
ద్రాక్షపందిరి ఫోటో పంపాడు.
మళ్ళీ ఫోన్.
అదే పందిరి, ఇంకాస్త దగ్గరగా.

రెండు తీగలు దాదాపు కలిసినప్పుడు
వాటి మధ్య ఒక అల ఊగుతుంది,
వా... వా... వా...
చావిని వెంట్రుకవాసి తిప్పుతుంటే
అది నెమ్మదించి, ఇంకా నెమ్మదించి
ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగాలి.
అందాకా చెవి అక్కడే ఉండాలి.
ఎనిమిది క్షణాలు.
ఇంత పెద్ద ఊరిని నేనడిగేది ఎనిమిదే ఎనిమిది,
ఏడో క్షణంలో ఊరు దగ్గుతుంది.

అలలు తగ్గాక స్నానం చేద్దామనుకునేవాళ్ళు
ఒడ్డునే ముసలివాళ్ళవుతారట.
నా బతుకు తలకిందులు,
అల తగ్గేదాకా అందులోనే నిలబడాలి,
పైనుంచి ఎవరేం విసిరినా.

పదకొండున్నరకి ఈగ దూరింది.
నిజం ఈగ కాదు.
మధ్య సప్తకంలో ఒక మెట్టు నొక్కితే చాలు
స్వరం వెనకాలే సన్నగా జుయ్యిమంటుంది.
మూత మరలు బిగించాను. ఉంది.
గోడ మీది పటం దించాను. ఉంది.
బీరువాలో గాజు గ్లాసులు,
వేడి గొట్టం, నేల చెక్క, ఒక్కొక్కదాన్నీ అనుమానించాను.
తలుపు సందులోంచి తొంగిచూస్తున్న కుర్రాణ్ణి,
తెదో వాడి పేరు, ఎనిమిదేళ్ళుంటాయి,
పిలిచి కిటికీ అద్దం మీద
రెండరచేతులూ ఆనించి నిలబడమన్నాను.
గుల్నాజీని కాఫీ పళ్ళెం కదపొద్దన్నాను.
"ఊపిరి తీసుకోవచ్చా?" అంది.
"తక్కువగా," అన్నాను.

ఇద్దరూ బిగుసుకుపోయారు.
కారు సైతం నోరు మూసుకుంది.
పొద్దుట్నించీ నేను కోరుకున్న నిశ్శబ్దం
వచ్చి గది మధ్యలో నిలబడింది.
మెట్టు నొక్కాను.
జుయ్యి.

"అది మీ దగ్గర్నించే వస్తోంది," అన్నాడు తెదో,
అద్దం మీంచి చేతులు తీయకుండా.

చొక్కా జేబులో పిప్పరమెంటు రేకు డబ్బా,
దాని వదులు మూతకి ఆనుకుని నా శ్రుతిదండం.
ఇరవైరెండేళ్ళుగా
నేను నిజం అడిగి తెలుసుకునే ఉక్కు ముక్క.
పటాన్ని తిట్టాను, గ్లాసుల్ని తిట్టాను,
మనసులో గుల్నాజీని ఎన్ని అన్నానో.

డబ్బా తెదో చేతిలో పెట్టాను.
వాడు ఒకటి నోట్లో వేసుకుని
ఇంకోటి గుల్నాజీకిచ్చాడు.
చల్లారిన కాఫీ తాగాను. ఆమె కూర్చుంది.
మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది, విన్నాను,
అప్పుడు విన్నది అదొక్కటే.
తర్వాత ఫెల్టు పట్టీ ఒక కొస వాడికిచ్చి
ముప్ఫైతొమ్మిదో మెట్టు దగ్గర మొదలెట్టాను.
పెరుగు కేక వీధి చివరిదాకా వెళ్ళి
తిరిగొచ్చింది. రానీ.

మధ్యాహ్నానికి అన్న పని
నాలుగుంబావుకి అయింది.
పైన ఆఖరి సప్తకంలో ఒక తీగ
పిసరంత తక్కువ పలుకుతోంది, నాకు తెలుసు.
రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను.

మెట్లు దిగుతూ ఫోన్ తీశాను.
పందిరి ఫోటోలు ఇప్పటికి ఐదు.
"కోత ఎప్పుడు?" అని రాశాను.